పేరు పెట్టే రోజు దాకా: పల్లె పసికందులకు తక్కువ ఖర్చుతో రక్షణ

బిడ్డ పుట్టిన ఏడో రోజున అకీఖా చేసి పేరు పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ రోజు కోసం మేనత్తలు బట్టలు కొంటారు, తాతలు పేర్లు వెతుకుతారు. కానీ ఆ ఏడో రోజు దాకా చేరడమే పసికందుకు పెద్ద గండం. పుట్టిన నెలలోపు కన్నుమూసే శిశువుల్లో నాలుగింట మూడొంతుల మంది మొదటి వారంలోనే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్లలో చాలామంది పేరైనా లేకుండా మట్టిలో కలుస్తున్నారన్నమాట.

ఏటా జూన్‌లో ఒకటో తరగతి రిజిస్టరు రాయడం మా ఉపాధ్యాయులకు అలవాటైన పని. ఎవరు చేరారో, ఎవరు మానేశారో అందులో ఉంటుంది. బడి ఈడు రాకముందే వెళ్లిపోయిన బిడ్డకు మాత్రం అందులో గడి ఉండదు. బడి మానేసిన పిల్లల గురించి మనం సభలు పెట్టుకుంటాం. ఈ పిల్లల గురించి మాట్లాడుకునేది చాలా తక్కువ. అల్లాహ్ చిత్తం అని తల్లిని ఓదార్చి ఊరుకుంటాం. ఓదార్చడం మన ధర్మమే. అయితే ఈ మరణాల్లో ఎక్కువ భాగం ఆపగలిగినవేనని, అందుకు లక్షల రూపాయలు అక్కర్లేదని తెలిశాక ఓదార్పు దగ్గరే ఆగిపోకూడదు. ఆ సంగతి దాతల ముందు పెట్టడానికే ఈ వ్యాసం.

అంకెలు చెప్పే మాట

కేంద్ర ప్రభుత్వం జరిపే నమూనా నమోదు సర్వే 2020 లెక్కల ప్రకారం, మన దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి 1000 మంది శిశువుల్లో 28 మంది ఏడాది నిండకుండానే చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 24, తెలంగాణలో 21. కేరళలో 6 మాత్రమే. దేశంలో పోయిన ఆ 28 మందిలో 20 మంది మొదటి 28 రోజుల్లోనే పోయారు. ఏడాదికి 365 రోజులు. అందులో పదమూడో వంతు కాలంలో మూడింట రెండొంతులకు పైగా మరణాలు జరుగుతున్నాయి. పట్టణాల్లో ఈ తొలి నెల మరణాలు వెయ్యికి 12 ఉంటే, పల్లెల్లో 23. పల్లెలో పుట్టడం వల్లనే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతోంది.

ఈ పసికందులు పోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు. ఒకటి, నెలలు నిండకుండా పుట్టడం, లేదా బరువు తక్కువగా పుట్టడం. రెండు, పుట్టగానే ఊపిరి అందకపోవడం. మూడు, ఇన్‌ఫెక్షన్, అంటే రక్తంలోనో ఊపిరితిత్తుల్లోనో చీము పుట్టించే సూక్ష్మజీవులు చేరడం. ఈ మూడూ ఒకదానికొకటి తోడవుతాయి. బరువు తక్కువ బిడ్డ ఒంట్లో కొవ్వు ఉండదు కాబట్టి త్వరగా చల్లబడుతుంది. చల్లబడిన బిడ్డ పాలు సరిగా లాగలేదు. పాలు అందని బిడ్డ నీరసించి, చిన్న ఇన్‌ఫెక్షన్‌కే లొంగిపోతుంది. పెద్దవాళ్లకు జబ్బు ముదరడానికి వారాలు పడితే, రెండు కిలోల బిడ్డకు కొన్ని గంటలు చాలు. అందుకే ఈ గొలుసును మొదట్లోనే, బిడ్డ ఉన్న చోటనే తెంపాలి. ఆ చోటు చాలాసార్లు ఇల్లే.

గోదావరి అవతలి ఒడ్డున జరిగిన పని

ఇంట్లోనే ఈ గొలుసును తెంపవచ్చని లోకానికి లెక్కలతో చూపించింది మన పొరుగు జిల్లాయే. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ఆ ఒడ్డున ఉన్న సిరొంచ ప్రాంతంలో నేటికీ తెలుగు మాట్లాడతారు. అడవులు, గోండు గూడేలు, వానాకాలంలో దారులు మూసుకుపోయే ఊళ్లు. అమెరికాలో ప్రజారోగ్యం చదివి వచ్చిన డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980ల మధ్యలో ఆ జిల్లాకు వెళ్లి, సెర్చ్ అనే సంస్థ పెట్టి అక్కడే స్థిరపడ్డారు.

1995లో వాళ్లు 39 గ్రామాలు ఎంచుకుని, అయిదు నుంచి పది తరగతుల దాకా చదివిన స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చారు. మొదటి ఏడాది వాళ్ల పని కేవలం చూసి రాసుకోవడం. ఆ ఏడాది తేలినదేమిటంటే, పుట్టిన ప్రతి 100 మంది శిశువుల్లో 42 మంది రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువున్నారు. సగానికి పైగా శిశువులకు ఏదో ఒక వైద్య సహాయం అవసరమైంది. అది అందినవాళ్లు నూటికి ముగ్గురైనా లేరు. డాక్టరు లేకపోవడం ఒక కారణమైతే, పురిటి గదిలోంచి బిడ్డను బయటికి తీసుకెళ్లకూడదన్న నమ్మకం ఇంకో కారణం. బిడ్డ ఆసుపత్రికి రాదు, ఆసుపత్రి బిడ్డ దగ్గరికి రాదు.

ఆ మధ్య దూరాన్ని ఈ మహిళలే నడిచారు. ప్రసవ సమయంలో మంత్రసానితో పాటు వాళ్లూ ఉండేవారు. బిడ్డ ఏడవకపోతే ఏం చేయాలో బొమ్మ మీద నేర్చుకున్నారు. పుట్టిన వెంటనే తూకం వేసేవారు. తొలి నెలలో పలుమార్లు ఇంటికి వెళ్లి ఒంటి వేడి, పాలు తాగే తీరు, ఊపిరి, బొడ్డు చూసేవారు. బరువు తక్కువ బిడ్డను వెచ్చగా ఉంచడానికి దుప్పటి గుడ్డతో కుట్టిన సంచి ఇచ్చేవారు. ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తే ముందు ఆసుపత్రికి పంపే ప్రయత్నం చేసేవారు. తల్లిదండ్రులు వెళ్లలేమంటే, వాళ్ల అనుమతితో, నేర్చుకున్న పద్ధతి ప్రకారం ఇంట్లోనే మందు, ఇంజెక్షన్ ఇచ్చేవారు. పదిహేను రోజులకోసారి డాక్టరు వచ్చి వాళ్ల పని సరిచూసేవాడు.

మూడేళ్లలో ఫలితం తేలింది. ఆ 39 గ్రామాల్లో వెయ్యికి 62గా ఉన్న తొలి నెల మరణాలు 25కు తగ్గాయి. పోలిక కోసం తీసుకున్న మరో 47 గ్రామాల్లో అవి దాదాపు 60 దగ్గరే ఉండిపోయాయి. ఇన్‌ఫెక్షన్ సోకిన శిశువుల్లో అంతకుముందు నూటికి 16 మందికి పైగా చనిపోయేవారు. ఆ సంఖ్య మూడు లోపుకు దిగింది. 1999 డిసెంబరులో లాన్సెట్ వైద్య పత్రిక ఈ వివరాలు ప్రచురించింది.

దాతలు గమనించవలసిన లెక్క ఒకటి ఉంది. ఒక్కో శిశువుకు అయిన ఖర్చు 5.3 డాలర్లు. అప్పటి మారకం విలువలో సుమారు 200 రూపాయలు. ప్రతి 18 మంది శిశువులకు సేవ చేస్తే ఒక ప్రాణం నిలిచింది. మా బడి పిల్లలు కూడా చేయగల గుణకారమిది. పద్దెనిమిది ఇంటూ రెండు వందలు, 3600 రూపాయలు. పాతికేళ్ల కిందటి ధరలివి, ఇవాళ ఇంతకే కుదరదు. అయినా ఒక పెళ్లి విందులో ఒక్క బల్ల ముందు ఖర్చయ్యే డబ్బుతో పోల్చదగ్గ మొత్తం ఒక ప్రాణానికి సరిపోయిందన్నది మరచిపోకూడని నిజం.

పూసలతో ఊపిరి లెక్క

ఖర్చు తక్కువంటే నాసిరకం అని కాదు. ఒక ఉదాహరణ చూడండి. పసిపిల్లల్లో న్యుమోనియాను పట్టుకోవడానికి ఊపిరి వేగం మంచి గుర్తు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే ప్రమాదం. ఈ పని మంత్రసానులకు నేర్పబోతే ఒక చిక్కు వచ్చింది. వాళ్లలో చాలామందికి 60 దాకా లెక్క రాదు. గడ్చిరోలి డాక్టర్లు వాళ్లను పక్కన పెట్టలేదు. ఒక నిమిషంలో ఇసుక జారిపోయే చిన్న గడియారాన్ని, పక్కన కొన్ని పూసలను ఒక చట్రంలో బిగించారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా ఎర్ర పూస దాకా వస్తే బిడ్డకు న్యుమోనియా అని అర్థం. చేతిలో తస్బీహ్ తిప్పడం తెలిసినవారెవరికైనా ఈ లెక్క అర్థమవుతుంది.

నేర్చుకునేవారికి రానిదాన్ని తప్పుగా ఎంచకుండా, వచ్చినదాని మీద పాఠం కట్టడమంటే ఇదే. బోధనలో ముప్పై ఏళ్లుగా మేం చదువుకునే సూత్రం అక్కడ ప్రాణాలు కాపాడింది.

తల్లి గుండెల మీది వెచ్చదనం

రెండో ఉదాహరణ దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశానిది. 1978లో బొగోటా నగరంలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు పసికందులను పడుకోబెట్టవలసి వచ్చేది. ఒకరి ఇన్‌ఫెక్షన్ మరొకరికి అంటుకునేది. అప్పుడు డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా అనే పిల్లల వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు ఆనేట్టు నిలువుగా పెట్టి గుడ్డతో కట్టించాడు. పిల్లను సంచిలో మోసే జంతువు పేరు మీద దీన్ని కంగారూ సంరక్షణ అన్నారు.

చాలాకాలం దీన్ని పేదవాళ్ల పద్ధతి అనుకున్నారు. యంత్రం లేనిచోట సర్దుబాటు అనుకున్నారు. 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా దేశాల ఆసుపత్రుల్లో ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న శిశువుల మీద అది జరిగింది. పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచిన శిశువుల్లో మరణాలు, బిడ్డ కుదుటపడ్డాక మాత్రమే ఈ పద్ధతి మొదలుపెట్టిన వారితో పోలిస్తే నాలుగో వంతు తగ్గాయి. అందుకే వీలైనంత త్వరగా దీన్ని మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. తల్లికి అలసటైతే తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా బిడ్డను ఇలాగే ఎదకు కట్టుకోవచ్చు. దీనికి కావలసింది ఒక మెత్తని చీర ముక్క, బిడ్డకో టోపీ, మేజోళ్లు, కొంచెం ఓపిక.

మన ఇళ్లలో ఏం చేయాలి, ఏం మానాలి

పుట్టగానే బిడ్డను పొడి గుడ్డతో తుడిచి, ఆ తడి గుడ్డ తీసేసి, వేరే పొడి గుడ్డలో చుట్టాలి. తలకు టోపీ పెట్టాలి, ఎందుకంటే పసిబిడ్డ ఒంటి వేడి తల నుంచే చాలా పోతుంది. కనీసం ఒక రోజు గడిచేదాకా స్నానం వద్దు. బరువు తక్కువ బిడ్డకైతే ఇంకా ఆగాలి. చెవిలో అజాన్ చెప్పేలోగా స్నానం చేయించాలని కొన్ని ఇళ్లలో తొందరపడతారు. శుభ్రంగా తుడిచి చుట్టిన బిడ్డ చెవిలో అజాన్ చెప్పించవచ్చా అని మీ ఇమామ్ గారిని ముందే అడిగి ఉంచుకోండి. పురిటి వేళ వాదనలకు తావుండదు.

గంటలోపు తల్లిపాలు పట్టాలి. చిక్కగా, పసుపుపచ్చగా వచ్చే ముర్రుపాలను పిండి పారబోయడం బిడ్డ నోటి దగ్గరి మందును పారబోయడమే. రోగాలను తట్టుకునే శక్తి వాటిలోనే ఉంటుంది. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదు. చక్కెర నీళ్లు, ఘుట్టీ, ఆముదం చుక్కలు వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దని డాక్టర్లు గట్టిగా చెబుతారు, ఎందుకంటే దానిలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టిస్తుంది. తహ్నీక్ చేయించాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకుని డాక్టరు సలహా తీసుకోవాలి. తల్లిపాల విలువ మనకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. రెండేళ్ల పాల ప్రస్తావన బఖరా సూరాలోనే ఉంది.

బొడ్డుకు బూడిద, పసుపు, నూనె ఏదీ రాయకూడదు. పొడిగా వదిలేస్తే అదే రాలిపోతుంది. కళ్లకు కాటుక, సుర్మా పెట్టకూడదు. బిడ్డను ఎత్తుకునే ముందు ఎవరైనా సరే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చూడవచ్చిన ప్రతివారికీ బిడ్డను చేతికివ్వడం మర్యాద అనిపించవచ్చు, మంచిది మాత్రం కాదు.

మన పెద్దలు పెట్టిన నలభై రోజుల చిల్లా ఈ విషయంలో ఎంతో మేలైన ఆచారం. తల్లికి విశ్రాంతి, బిడ్డకు తల్లి ఒడి దొరుకుతాయి. అయితే చిల్లా పేరుతో జబ్బు చేసిన బిడ్డను గదిలోనే ఉంచేయకూడదు. కొన్ని గుర్తులు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయల్దేరాలి. పాలు తాగడం మానేయడం. ఏడుపు బలహీనపడటం, ఒళ్లు వేలాడిపోవడం. పాదాలూ పొట్టా చల్లబడటం, లేదా జ్వరం. ఊపిరి వేగంగా ఆడటం, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద లోపలికి పోవడం. ఫిట్స్. బొడ్డు దగ్గర చీము. మొదటి రోజే ఒళ్లు పచ్చబడటం, లేదా ఆ పచ్చదనం అరచేతులకూ అరికాళ్లకూ పాకడం. వీటిలో ఒక్కటి చాలు.

ప్రభుత్వం ఇచ్చేది, మనం కలపవలసింది

గడ్చిరోలి అనుభవం ఆధారంగా 2011లో కేంద్రం ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణను దేశమంతటా ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికి వచ్చి చూడాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. ఇంజెక్షన్ ఇచ్చే పని ఆశాలది కాదు, గుర్తించి ఆసుపత్రికి పంపడమే వాళ్ల బాధ్యత. అదే ఏడాది మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బుపడిన శిశువుకు వైద్యం, మందులు, రవాణా ఉచితం. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలున్నాయి. అత్యవసరమైతే 108 ఉంది.

ఇన్ని ఉన్నా బిడ్డలు ఎందుకు పోతున్నారు? ఇప్పుడు కాన్పులు ఎక్కువగా ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి, కానీ తల్లీబిడ్డలు కొద్ది రోజులకే ఇంటికి వచ్చేస్తారు. ఆ తర్వాత బిడ్డ నీరసించిన సంగతి గుర్తించడానికి ఒక పూట, తీసుకెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక పూట, బండికీ చేతి ఖర్చుకూ అప్పు పుట్టడానికి ఒక పూట పడుతుంది. ప్రత్యేక విభాగంలో బిడ్డ వారం ఉంటే తల్లి బయట వరండాలో ఉండాలి. తండ్రి కూలి పోతుంది. ఇంటి దగ్గర పెద్ద పిల్లలకు వండిపెట్టే దిక్కుండదు. వైద్యం ఉచితమే అయినా, కోలుకోకముందే బిడ్డను తీసుకుని వెళ్లిపోయే కుటుంబాలు ఉండటానికి కారణం ఇదే.

దాత చేయి అవసరమైన చోటు ఇక్కడ ఉంది. మనలో చాలామందికి ఆసుపత్రికి యంత్రం కొనిచ్చి, దాని మీద తల్లిదండ్రుల పేరు రాయించాలనే కోరిక ఉంటుంది. అది మంచి కోరికే, యంత్రాల అవసరమూ ఉంది. కానీ బిడ్డ ఆ యంత్రం దాకా చేరాలి కదా. పేద కుటుంబానికి రానుపోను ఛార్జీలు, తల్లికి రెండు పూటల భోజనం, తండ్రికి పోయిన వారం కూలి ఇచ్చే చిన్న నిధి ఒక మండలానికి ఉంటే ఎన్నో కుటుంబాలు మధ్యలో తిరిగిరావు. దాన్ని జకాత్ నుంచి ఇవ్వాలా, సదఖా నుంచి ఇవ్వాలా అన్నది ఆలిమ్‌లు చెబుతారు. గర్భిణికి ఎనిమిదో నెలలోనే రెండు మెత్తని గుడ్డలు, టోపీ, మేజోళ్లు, ఒక డిజిటల్ థర్మామీటరు, ఒక సబ్బు ఉన్న సంచి అందిస్తే ఆ ఖర్చు వందల్లోనే ఉంటుంది. సంచితో పాటు ప్రమాద గుర్తులు తెలుగులో, ఉర్దూలో రాసిన ఒక కాగితం పెట్టాలి. చదవలేని వారికి బొమ్మలు వేసి పెట్టాలి. మీ ఊరి ఆశా దగ్గరున్న తూకం యంత్రం పని చేస్తోందో లేదో అడగడానికైతే రూపాయి కూడా ఖర్చు కాదు.

ఇంకో సాయం డబ్బుతో అయ్యేది కాదు. రక్తహీనత ఉన్న తల్లికి, చదువు మానిపించి చిన్న వయసులో పెళ్లి చేసిన తల్లికి బరువు తక్కువ బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువ. మా బడిలోంచి తొమ్మిదో తరగతిలో మాయమయ్యే ఆడపిల్ల, మరి రెండు మూడేళ్లలో ఆసుపత్రి రిజిస్టరులో కనిపిస్తుంది. ఆమెను పదో తరగతి, ఇంటర్ దాకా నిలబెట్టే స్కాలర్‌షిప్ కూడా శిశు సంరక్షణ కిందికే వస్తుంది. మన సొసైటీ లెక్కల్లో ఈ రెండు పద్దులూ వేర్వేరు పేజీల్లో ఉండవచ్చు. ఇచ్చేవారు మాత్రం రెండూ ఒకే బిడ్డ కోసమని తెలుసుకుని ఇవ్వాలి.

ఈ సంచిక చదివిన ప్రతి కుటుంబం ఈ నెలలో ఒక పని చేయవచ్చు. మీ వీధిలో, మీ ఇంట్లో పనిచేసేవారిలో, మీ దుకాణంలో కూలికి వచ్చేవారి ఇళ్లలో నెలలు నిండిన తల్లి ఎవరో కనుక్కోండి. పైన చెప్పిన ప్రమాద గుర్తులు ఆ ఇంటి పెద్దావిడకు ఒకసారి చదివి వినిపించండి. అర్ధరాత్రి బండి కావలసి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పి, మీ నంబరు ఇచ్చి రండి.